వెంట్రుకవాసి పైన

బుధవారం ఉదయం పదింటికి మొదలైన రిహార్సలు పదీ ఇరవైకల్లా ఆగిపోయింది. ఆపింది పెద్దాయన. వయొలిన్ కమాను గాల్లోకి లేపి, ఎదురుగా కూర్చున్న కొత్తమ్మాయి వంక చూసి, "వయోలా శ్రుతి కాస్త తక్కువగా ఉంది" అన్నాడు. కోపంగా అనలేదు. గాలి వస్తోంది, ఆ తలుపు వెయ్యమన్నంత మామూలుగా అన్నాడు.

కొత్తమ్మాయిని ఇంట్లో నడిపి అంటారు, అక్కకీ తమ్ముడికీ మధ్య పుట్టింది కనక. తీరా వాయించేది కూడా మధ్య వాద్యమే అయ్యేసరికి ఆ పిలుపు సంగీత కళాశాల దాకా వెంటబడి వచ్చింది. వయోలా చూడటానికి వయొలిన్ లాగే ఉంటుంది. ఒళ్ళు కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు. వయొలిన్ పైన పాడుతుంది, సెల్లో అడుగున మోస్తుంది, వయోలా ఆ ఇద్దరికీ మధ్యన ఉండి సర్దిచెబుతుంది. సర్దిచెప్పేవాళ్ళని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? కచేరీ అయ్యాక జనం వయొలిన్ ఆయన చుట్టూ మూగుతారు, సెల్లో ఆయన పెట్టె మోయడానికి సాయం వస్తారు, వయోలా ఆవిణ్ణి మాత్రం బయటికి దారెటని అడుగుతారు. ఈ జోకు వయోలా వాళ్ళే చెప్పుకుని వాళ్ళే నవ్వుకుంటారు.

ఈ నలుగురి బృందం వయసు ముప్ఫై ఏళ్ళు. మొదటి వయొలిన్ పెద్దాయన. రెండో వయొలిన్ ఆయన భార్య. ఆవిణ్ణి అందరూ పెద్దమ్మగారనే పిలుస్తారు. సెల్లో వాయించే మనిషి బాబాయి. ఎవరికి బాబాయో ఎవరూ అడగలేదు; ఆ పొట్టా, ఆ నవ్వూ, మోచేతుల దగ్గర అరిగిన ఆ స్వెట్టరూ చూస్తే ఇంకో పేరు నోటికి రాదు. వయోలా వాయించే ఆయన మూడు నెలల కిందట మానేశాడు. ఎందుకు మానేశాడని నడిపి అడిగితే, ఆయనకి ఓపిక తగ్గిందమ్మా అని చెప్పి బాబాయి తన కమాను వెంట్రుకలకి రోజిన్ జిగురు ముక్క రుద్దుకోవడంలో పడిపోయాడు. ఆ ఖాళీలోకి ఇప్పటికి నలుగురు వచ్చి వెళ్ళారు. నడిపి ఐదోది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి కచేరీ. అది అయ్యాక ముగ్గురం మాట్లాడుకుని చెబుతామన్నారు.

బడిపిల్లలకు సంగీతం చెప్పే ఉద్యోగం ఒకటి ఆమె కోసం కాచుకుని ఉంది. సోమవారం లోపల ఔననో కాదనో చెప్పాలి. మంచి ఉద్యోగమే, వంక పెట్టడానికి లేదు. కానీ పదకొండేళ్ళుగా ఆమె కోరుకున్నది నలుగురి మధ్య కూర్చునే కుర్చీ. పెద్ద ఆర్కెస్ట్రాలో ఎవరు ఎక్కడ తడబడ్డారో పక్కవాడికి కూడా తెలీదు. నలుగురే ఉన్నచోట మనిషి ఊపిరి పీల్చినా వినబడుతుంది. ఆ వినబడటం కోసమే ఆమె పదకొండేళ్ళు మెడ నొప్పి భరించింది. ఇప్పుడా కుర్చీ ఆమె కిందే ఉంది, ఇంకా ఆమెది కాలేదు, అంతే.

పేచీ వచ్చిన చోటు, ఆదివారం వాయించబోయే నాలుగు భాగాల కృతిలో మూడో భాగంలో ఉంది, నెమ్మదిగా నడిచే భాగం. అందులో ఒకచోట నలుగురూ తలా ఒక స్వరం పట్టుకుని చాలాసేపు కదలకుండా నిలపాలి. బృందంలో దాన్ని నిలుపు అంటారు. అది రెండుసార్లు వస్తుంది, మధ్యలో ఒకసారి, ఆఖర్న ఒకసారి. అడుగున సెల్లో లావు తీగ మోగుతుంది. దాని మీద వేలు పెట్టే పని లేదు కాబట్టి ఆ స్వరం పైకీ పోదు, కిందికీ రాదు. అన్నిటికన్నా పైన మొదటి వయొలిన్. ఆ రెంటి మధ్యన మిగతా ఇద్దరు. అందులో వయోలా పట్టేది నిలుపుకి రంగునిచ్చే స్వరం. వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా మొత్తం చేదెక్కుతుంది. అందుకే శ్రుతి కలవని ప్రతిసారీ మొదటి చూపు వయోలా మీదికి పోతుంది. ఇది ఏ దేశంలోనైనా అంతే.

నడిపి వేలు ఒక పిసరు పైకి జరిపింది. ఆఁ, అలా ఉండాలి అన్నాడు పెద్దాయన. కానీ ఆమె చెవికి తన స్వరమూ బాబాయి స్వరమూ ఒకదాన్నొకటి గీరుకుంటున్నాయి. ఆమెకు వయోలా చెప్పిన మాస్టారు మొదటి ఏడాదంతా నేర్పింది అడుగు వినడమే. పైన ఎవరు ఎంత అందంగా పాడుతున్నా సరే, ముందు అడుగున ఉన్నది విను, దాని మీద నిలబడు అనేవాడు. పక్క గదిలో ఆయన ఒక్క స్వరాన్నే మోగిస్తుంటే భరించలేక ఆయన భార్య వంటింటి తలుపు వేసుకునేది. ఆ అలవాటు వేలిలోకి ఇంకిపోయింది. రెండోసారి నిలుపు వచ్చేసరికి వేలు తన పాత చోటికి తానే వెళ్ళింది. పెద్దాయన మళ్ళీ ఆగాడు. మళ్ళీ అదే మాట అన్నాడు.

అలాగని ఆయన మీద కోపం తెచ్చుకోవడం ఎవరి వల్లా కాదు. అరవై ఆరేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉంటాడు. కమాను తీగ మీద పెట్టే ముందు ఆయన ఊపిరి తీసుకునే తీరు చూసి మిగతా ముగ్గురూ తెలీకుండానే ఊపిరి తీసుకునేవారు. రెండో భాగంలో ఆయన ఒక్కడే పాడే చోట నడిపి తన కాగితం చూడటం మరిచిపోయి ఒక వరుస తప్పింది కూడా. ఆయన గమనించాడు గానీ చిన్నగా నవ్వి ముందుకు పోయాడు. పెద్దమ్మగారు ఆయనకి ఎడమ పక్కన కూర్చుంటుంది. ఆవిడ ఏదైనా చెబితే ఆయన తల మొత్తం అటు తిప్పి, ఆవిడ మొహంలోకి చూసి వినేవాడు. ముప్ఫై ఏళ్ళయినా పెళ్ళాం మాట ఇంత శ్రద్ధగా వినే మొగుడు కూడా ఉంటాడా అని నడిపి మొదటి రోజు ముచ్చటపడింది.

గురువారం కూడా అదే తంతు. ఈసారి నడిపి మర్యాదగానే అడిగింది, తనూ బాబాయీ ఇద్దరమే ఒకసారి ఆ చోటు పట్టుకుని చూడొచ్చా అని. పెద్దాయన చూడమన్నాడు. బాబాయి లావు తీగ మీద కమాను లాగాడు. ఆ గది నేలంతా ముప్ఫై ఏళ్ళుగా సెల్లో అడుగున ఉండే ఇనుప ముల్లు గుచ్చుకున్న చిన్న చిన్న గుంటలు. ఆ ముల్లు దిగిన చోటు నుంచి చెక్క నేల అంతా సన్నగా వణికి, నడిపి పాదాల్లోకి ఎక్కింది. ఆమె దాని మీద తన స్వరం పెట్టింది. రెండూ అతుక్కున్నాయి. ఎంత బాగా అతుక్కున్నాయంటే, ఎవరూ వాయించని మూడో స్వరమొకటి గదిలో ఎక్కడో లేచింది. శ్రుతి నిజంగా కలిస్తేనే అది పుడుతుంది, దాన్ని బలవంతాన తేలేం. నడిపి మొహం విప్పారింది. బాబాయి మాత్రం ఆమె వంక చూడలేదు.

"బాగుంది. ఇప్పుడు నలుగురం" అన్నాడు పెద్దాయన.

నలుగురూ వాయించారు. చేదెక్కింది.

"చూశావా అమ్మాయీ, ఇద్దరిలో సరిపోయింది నలుగురిలో సరిపోదు. వయోలా ఇంకా తక్కువే" అన్నాడాయన. నడిపి పెద్దమ్మగారి వంక చూసింది. ఆవిడ పెన్సిలు తీసుకుని కాగితం మీద, ఏదీ రాయాల్సిన అవసరం లేని చోట, ఏదో రాసుకుంటోంది. బాబాయి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. నడిపికి ఒళ్ళు మండింది. తప్పు తనది కాదని ఆ గదిలో ఇంకో ఇద్దరికి తెలుసు. తెలిసీ నోరు మెదపరు. ఆమె అలాగే సార్ అని తల దించుకుంది. ఇంటికి పోయే బస్సులో కూర్చుని మనసులో ముగ్గురినీ కడిగిపారేసింది. మనసులో అయితే ఆమె చాలా గట్టిగా మాట్లాడుతుంది.

శుక్రవారం ఆమె ఒకటి చూసింది. మూడో భాగం మొదలయ్యే ముందు అందరూ కాగితాలు తిప్పుకుంటున్న చప్పుడులో, బాబాయి చెయ్యి మెల్లగా సెల్లో తల దగ్గరికి పోయి లావు తీగ బిరడని ఒక్క రవ్వ పైకి బిగించింది. ఆ భాగం అయిపోయాక అదే చెయ్యి మళ్ళీ వెళ్ళి దాన్ని కిందికి దించింది. కదలని తీగ కదులుతోంది. అడుగు స్వరాన్నే పైవాడి కోసం ఎత్తుతున్నారు. ఎత్తినా చాలడం లేదు. ఆమె చూసిందని బాబాయి చూశాడు. ఆ నవ్వు మొహం ఒక్కసారి చిన్నబోయింది.

టీ వేళకి పెద్దమ్మగారు కప్పులు కడగడానికి కాస్త చెయ్యందించమని ఆమెను వంటింట్లోకి పిలిచింది. నాలుగు కప్పులకి ఇద్దరు మనుషులెందుకో నడిపికి అప్పుడే అర్థమైంది. ఆవిడ పంపు తిప్పింది. నీళ్ళ చప్పుడు మొదలయ్యాక గానీ నోరు విప్పలేదు.

"వెళ్ళిపోయినాయన చెవి కూడా నీలాంటిదే. నాలుగు నెలలు పోట్లాడి, ఇంక నావల్ల కాదని వెళ్ళిపోయాడు. మా ఆయనకి ఎడమ చెవి పోతోందమ్మా. మొహం తిప్పి వింటే మాటలు పర్లేదు, పై స్వరాలే. అవి ఆయనకి ఉన్నదానికన్నా తక్కువగా వినబడతాయి. అందుకని తెలీకుండా పైకి ఎక్కిస్తారు. మిగతా చోట్ల మేమూ ఆయనతో పాటు ఎక్కేస్తాం, ఎవరికీ తెలీదు. ఆ ఒక్క చోటే దొరికిపోతున్నాం."

ఆయనకి తెలీదా అని అడిగింది నడిపి. ఆవిడ కప్పు అడుగు వేలితో రుద్దుతూ ఉండిపోయింది. కప్పు ఎప్పుడో శుభ్రపడింది.

"తెలిసిన రోజున పెట్టె మూసేస్తారు. మళ్ళీ తెరవరు. ఆ మనిషి సంగతి నాకు తెలుసు. నువ్వు కూడా పైకి వచ్చెయ్యి తల్లీ. నువ్వొక్కదానివి వస్తే ఇంక ఆయనకి తేడా పట్టుబడదు. ఇంకో రెండేళ్ళు... ఎన్నాళ్ళు గడిస్తే అన్నాళ్ళు."

కుర్చీ సంగతి ఆవిడ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు. నిన్న బస్సులో ముగ్గురినీ తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి నడిపికి సిగ్గేసింది. ఇది మోసం అనుకోవడానికి లేదు, ప్రేమే. అయినా ఆ ప్రేమకి తన వేలు తప్పుచోట పెట్టాలి. ఆమె కప్పులు తుడిచి గూట్లో బోర్లించి, సరేనండి అంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె తప్పుగా వాయించడం సాధన చేసింది. తేలిక అనుకుంటారు గానీ కాదు. పదకొండేళ్ళు ఒక చోట నిలబెట్టిన వేలిని దాని పక్కన నిలబెట్టడం, అది కూడా ప్రతిసారీ కచ్చితంగా అంతే పక్కన నిలబెట్టడం, కొత్తగా నడక నేర్చుకున్నట్టే ఉంటుంది. పక్క గదిలో అమ్మ ఎవరిదో కోటు చేతులు పొట్టి చేస్తోంది. కుట్టుమిషను ఆగుతూ నడుస్తూ ఉంది. నాన్న బస్సు డిపోలో మెకానిక్కు. ఇంటికొచ్చి, గోళ్ళ సందుల్లో నలుపు వదిలేదాకా బ్రష్షుతో తోముకుని, తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సంగీతంలో ఆయనకి ఓనమాలు రావు. కానీ నడుస్తున్న ఇంజను మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ భాగం అరిగిందో చెప్పగలడు. డిపోలో ఎవరికి అనుమానమొచ్చినా ఆయన్నే పిలుస్తారు.

పొద్దున వాయించినట్టు లేదేమే అన్నాడు. పొద్దునదే బాగుందన్నాడు. వాళ్ళకి ఇలాగే కావాలట నాన్నా అంది నడిపి. ఆయన తువ్వాలుతో చెవి తుడుచుకున్నాడు.

"బాగున్నది పనికిరాకపోవడమేంటే?"

ఆమె సమాధానం చెప్పేలోపల అమ్మ మిషను మీద నుంచే అందుకుంది. ఆయనకేం తెలుసు, మొదటి ఉద్యోగం, పెద్దవాళ్ళు ఎలా చెబితే అలా విను, కుర్చీ వచ్చాక నీకు నచ్చినట్టు వాయించుకుందువు గాని అని ఏకబిగిన చెప్పేసింది. నాన్న లోపలికి వెళ్ళాడు. నడిపి ఇంకో గంట వేలికి తప్పు నేర్పించింది. ముగించేసరికి అది నేర్చుకుంది. అంత తొందరగా నేర్చుకున్నందుకు ఆమెకి తన చెయ్యి మీదే అసహ్యం వేసింది.

శనివారం రిహార్సలు హాల్లో. మూడు వందల ఖాళీ కుర్చీలు, వేదిక మీద నాలుగు. తలుపు దగ్గర ఒక పనామె చీపురుతో ఊడుస్తూ, వీళ్ళు వాయించినప్పుడల్లా చప్పుడు కాకుండా ఆగిపోయేది. మూడో భాగం వచ్చింది. నిలుపు వచ్చింది. నడిపి వేలు నేర్చుకున్న చోటికి వెళ్ళింది. పెద్దాయన స్వరానికి ఆమె స్వరం చేరువైంది, పెద్దమ్మగారిది ముందే అక్కడుంది, అడుగున బాబాయి ఎత్తిన తీగ. వినడానికి ఫరవాలేదనిపించేంతగా ఉంది. గురువారం గదిలో లేచిన ఆ మూడో స్వరం మాత్రం లేవలేదు.

పెద్దాయన ఆగలేదు. భాగం ఆఖరి దాకా వెళ్ళి, కమాను ఒళ్ళో పెట్టుకుని, నడిపి వంక చాలాసేపు చూశాడు. "కుదిరింది" అన్నాడు. పెద్దమ్మగారు దీర్ఘంగా ఊపిరి వదిలింది. బాబాయి ఎప్పుడూ లేనిది నడిపి స్టాండు తనే మడిచి ఇచ్చి, ఇంక నీకు ఢోకా లేదమ్మా అని మెల్లగా చెప్పాడు. సరిగ్గా వాయించిన మూడు రోజులూ చీవాట్లు తిని, తప్పుగా వాయించిన రోజున మెప్పు పొందింది. సంతోషించాలో ఏడవాలో తెలీక ఆమె వయోలా పెట్టెని గుండెకానించుకుని మెట్లు దిగింది.

ఆదివారం మూడున్నరకి వేదిక వెనక గదిలో ఆమె తీగలు సవరించుకుంటోంది. బాబాయి, పెద్దమ్మగారు కుర్చీలు ఎంత దూరంలో వేశారో చూడటానికి వేదిక మీదికి వెళ్ళారు. పెద్దాయన కమానుకి రోజిన్ రుద్దుతున్నాడు, ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి, తొందర లేకుండా.

"నిన్న పైకి ఎక్కించావు" అన్నాడు తలెత్తకుండా.

"మీరు ఎక్కించమన్నారు కదా సార్."

"బుధవారం నుంచీ అంటూనే ఉన్నాను."

నడిపి సవరించిన తీగనే మళ్ళీ సవరించింది. ఆయన రోజిన్ ముక్కని దాని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. ఒంటి మీది పొడి దులుపుకున్నాడు. ఇంతలో పెద్దమ్మగారు వచ్చి, హాలు నిండిందని చెప్పింది.

మొదటి రెండు భాగాలూ ఎలా గడిచాయో నడిపికి తర్వాత తలుచుకుంటే గుర్తు రాలేదు. గుర్తున్నదల్లా పెద్దాయన ఎప్పటికన్నా బాగా వాయించాడని. రెండో భాగంలో ఆయన ఒక్కడే పాడే చోట ముందు వరసలో ఒక ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. మూడో భాగం మొదలైంది. బాబాయి చెయ్యి బిరడ దగ్గరికి పోయి వచ్చింది. మధ్యలో వచ్చే నిలుపులో నలుగురూ నిన్నటిలాగే వాయించారు. ఎవరికీ ఏమీ తెలియలేదు. పెద్దాయన మొహంలో ఏ మార్పూ లేదు. ఆయనకి తెలిసిపోయిందన్న తన భయం వట్టిదే అనుకుంది నడిపి.

ఆఖరి నిలుపుకి ఆయన ఎప్పటిలాగే ఊపిరి తీసుకున్నాడు. ముగ్గురూ ఆయనతో పాటే తీసుకున్నారు. నాలుగు కమానులూ ఒకేసారి తీగల మీద దిగాయి. స్వరాలు నిలబడ్డాయి. ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టుకునేంతసేపు అయ్యాక ఆయన కమాను తీగ మీద నుంచి లేచింది. ఎంత మెత్తగా లేచిందంటే, అక్కడ అలాగే రాసి ఉందని జనం అనుకుని ఉంటారు. పై స్వరం పోయింది. పై స్వరం కోసం ఎత్తి పెట్టిన మూడు స్వరాలు మిగిలాయి.

అప్పుడు నడిపి స్వరం బట్టబయలైంది. దాన్ని సమర్థించడానికి పైన ఇప్పుడెవరూ లేరు. అడుగున బాబాయి తీగ ఉంది, దానికి తన స్వరం అడ్డంగా ఉంది, హాలంతా నిశ్శబ్దంగా వింటోంది. కుర్చీ గురించి ఆలోచించే వ్యవధి లేదు. ఆలోచించి ఉంటే ఏం చేసేదో ఆమెకి తెలీదు. వేలు మాత్రం కిందికి జరిగింది, వెంట్రుకవాసి కిందికి, తన పాత చోటికి. జరగగానే పెద్దమ్మగారి స్వరం కూడా కదిలింది. అదీ దిగింది. మూడు స్వరాలూ అతుక్కున్నాయి. ఎవరూ వాయించని ఆ ఇంకో స్వరం ఎక్కడో లేచి, మూడు వందల మంది తలల మీద సన్నగా నిలబడింది.

పెద్దాయన కమాను గాల్లోనే పట్టుకుని, తల కాస్త వంచి విన్నాడు. ఆయన వింటున్నది శ్రుతిని కాదని నడిపికి తెలుసు. తను లేకపోయేసరికి వీళ్ళు ఎక్కడికి దిగిపోయారో, ఇన్నాళ్ళూ ఎక్కడ నిలబడి తనకోసం చేతులెత్తి పట్టుకున్నారో వింటున్నాడు. నిలుపు అయిపోయింది. ఆయన కమాను దించి నాలుగో భాగం మొదలుపెట్టాడు. అది జోరుగా సాగేది, దాన్ని జోరుగానే సాగించాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నలుగురూ మూడుసార్లు వంగి దండం పెట్టారు.

నలుగురూ వెనక గదిలోకి వచ్చారు. పెద్దాయన కమాను మర తిప్పి వెంట్రుకలు వదులు చేశాడు. వయొలిన్ మీద పడిన రోజిన్ పొడిని గుడ్డతో తుడిచాడు, తీగల కింద కూడా తుడిచాడు. అప్పుడు అడిగాడు, ఎన్నాళ్ళ నుంచి అని. బాబాయి సెల్లో ముల్లు లోపలికి నెడుతూ అక్కడే వంగి ఉండిపోయాడు. పెద్దమ్మగారు రెండేళ్ళు అంది. ఆ మాట చెప్పి ఆవిడ కుర్చీలో కూర్చుంది.

ఆయన నడిపి వైపు తిరిగాడు.

"మొదటి రోజు నువ్వు పట్టిందే సరైనది. అవునా?"

"అవును సార్."

"మరి నిన్నెందుకు మార్చావు?"

మీకోసం అని చెప్పొచ్చు. పెద్దమ్మగారి మాట కాదనలేక అని కూడా చెప్పొచ్చు. రెండూ అబద్ధాలు కావు. కానీ ఆ గదిలో అప్పటికే చాలా ఎక్కువ మర్యాద పోగుపడి ఉంది.

"ఈ కుర్చీ కావాలని సార్" అంది.

పెద్దమ్మగారు తలెత్తి చూసింది. పెద్దాయన మాత్రం తల ఊపాడు, తెలిసిన మాటే విన్నట్టుగా. పెట్టె మూత వేసి, రెండు క్లిప్పులూ నొక్కి, దాని మీద అరచెయ్యి ఆనించాడు.

"నాకూ అదే. నేనూ అందుకే ఎవర్నీ అడగలేదు. నాకు అనుమానం లేదనుకున్నారా మీరంతా? అడిగితే చెబుతారేమోనని భయం."

ఆ మాటకి బాబాయి అటు తిరిగి స్వెట్టరు చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. పెద్దమ్మగారు ఏడవలేదు. రెండేళ్ళు ఆయన దగ్గర ఆవిడ దాచింది, ఆవిడ దగ్గర ఆయన దాచాడు. ఒకే మంచం మీద, ఒకే సంగతి. ఆవిడ చెయ్యి చాచి ఆయన కోటు కొస పట్టుకుంది.

ఆయనే మిగతా సంగతులు చెప్పాడు, రేపటి రిహార్సలు వేళ చెబుతున్నంత మామూలుగా. వచ్చే నెలలో ఒప్పుకున్న రెండు కచేరీలకి ఇంకో మొదటి వయొలిన్‌ని చూసుకోవాలి. వచ్చినవాళ్ళని వచ్చినట్టు ఒప్పుకోవద్దు. ముందు ఈ అమ్మాయికి ఎదురుగా కూర్చోబెట్టి ఆ నిలుపు వాయించమనాలి, ఈమె సరేనంటేనే సరే. బాబాయి అలాగే అన్నయ్యా అన్నాడు. అంటే కుర్చీ నడిపిదేనన్నమాట. ఆ సంగతి ఎవరూ విడిగా ఆమెతో చెప్పలేదు, అభినందించనూ లేదు. ఆమెకి ఆయన ఎదురుగా కూర్చుని వాయించాలని ఉంది. రేపు, ఎల్లుండి, ఏళ్ళ తరబడి. ఆ సంగతి ఆమెకి ఇప్పుడే తెలిసింది.

భార్యాభర్తలిద్దరూ ముందు వెళ్ళిపోయారు. బాబాయి సెల్లో పెట్టె మోసుకుంటూ వెళ్ళాడు. నడిపి హాలు వెనక మెట్ల మీద కూర్చుని ఇంటికి ఫోను చేసింది. అమ్మ మొదటి మోతకే ఎత్తింది. పక్కన మిషను చప్పుడు లేదు, అంటే పని ఆపి ఫోను దగ్గరే కూర్చుందన్నమాట.

"వచ్చిందా?"

"వచ్చిందమ్మా" అంది నడిపి. ఆ వెంటనే ఏడ్చేసింది. అవతల అమ్మ ఆ ఏడుపు సంతోషానికే అనుకుని, వచ్చిందట, వచ్చిందట అని నాన్నకి కేకేసి చెబుతోంది.